పాప మెడలో తాళం

మా అత్తగారు అరవై దాటాక బండి నడపడం నేర్చుకున్నారు. అంతకుముందు ఆవిడ సైకిలైనా తొక్కి ఎరగరు. శ్రీకాకుళం పక్క పల్లె నుంచి పెళ్ళయి భిలాయి వచ్చింది మొదలు మామయ్యగారి స్కూటరు వెనకాల ఒకపక్కకి తిరిగి కూర్చుని, ఒక చేత్తో సీటు అంచు, ఇంకో చేత్తో కూరల సంచీ పట్టుకుని ఈ ఊరంతా తిరిగారు. మామయ్యగారు రిటైరయ్యాక మోకాళ్ళు పట్టేసి, కిక్కు కొట్టలేక ఆ స్కూటరు అమ్మేశారు. ఆ తరవాత ఇద్దరూ ఎక్కడికైనా నడిచి వెళ్ళేవారు, లేదంటే వెళ్ళడం మానేసేవారు.

పాప నిద్రపోయింది. రేపటి క్లాసుకి చదువుకోవలసింది అయిపోయింది. ఈ మధ్య నాకు నిద్ర బాగానే పడుతోంది కాబట్టి, నిద్ర పట్టని రోజుల సంగతి ఇప్పుడు రాయాలనిపించింది.

సెక్టర్ 2లో మా ఆయన పేరున వచ్చిన క్వార్టరులో అయిదుగురం ఉంటాం. అత్తగారు, మామయ్యగారు, ఉక్కు ప్లాంటులో షిఫ్టు డ్యూటీ చేసే మా ఆయన, నేను, మా పాప. పాప కేజీలో చేరిన ఏడే నాకు రుఆబాంధా వైపు ఒక కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే ఉద్యోగం దొరికింది. చలికాలంలో చేరాలి. పెళ్ళికి ముందు విజయనగరంలో చేసి వదిలేసిన పని. మళ్ళీ నల్లబల్ల ముందు నిలబడతానని నేను అనుకోలేదు. పొద్దున్న పాపని నా స్కూటీ మీద బడి దగ్గర దింపి కాలేజీకి వెళ్ళిపోవచ్చు. తిరిగి తీసుకురావడమే చిక్కు. బడి వదిలే వేళకి నేను ల్యాబులో ఉంటాను. మా ఆయనకి ఒక వారం పొద్దుటి షిఫ్టు, ఒక వారం మధ్యాహ్నం, ఒక వారం రాత్రి. షిఫ్టు మనిషిని నమ్ముకుని రోజూ జరగవలసిన పని పెట్టుకోలేమని ప్లాంటు ఇళ్ళల్లో ఆడవాళ్ళందరికీ తెలుసు. స్కూలు వ్యాను వెళ్ళి చూసి వచ్చాను. పిల్లల్ని అందులో బస్తాలు సర్దినట్టు సర్దుతున్నారు. తలుపు పక్కన కూర్చున్న పిల్లాడే తలుపు గడియ పట్టుకుని ఉన్నాడు.

నేను మొదటినుంచీ భయస్తురాలిని కాదు. పాప పుట్టాక అయ్యాను. ద్రాక్షపండు నాలుగు ముక్కలు కోసి గాని పెట్టను. గ్యాసు కట్టేశానా లేదా అని వీధి చివరి నుంచి వెనక్కి వచ్చి చూసుకున్న రోజులున్నాయి. అలాంటిదాన్ని, అత్తగారు ఎలక్ట్రిక్ స్కూటరు మీద పాపని తీసుకొస్తారట అని మా ఆయన చెప్పినప్పుడు నవ్వులాటకి అన్నారనుకున్నాను. ఆలోచన ఆవిడదేనట. కూరల బజారులో ఒక బెంగాలీ ఆవిడ నడపడం చూశారట, గేర్లు లేవు, కిక్కు లేదు, నాకూ అలాటిదొకటి కొనిపెట్టు అని కొడుకుని అడిగారట.

నాకు భయం వేస్తే చదువుతాను. ఆ వారమంతా ఈ బళ్ళ నియమాలు దొరికినవి దొరికినట్టు చదివాను. గంటకి ఇరవై అయిదు కిలోమీటర్లకి మించి వెళ్ళని చిన్న మోటారు బండికి లైసెన్సు అక్కరలేదు. అంతకు మించినదైతే మిగతా బళ్ళలాగే లైసెన్సూ, నంబరు ప్లేటూ అన్నీ ఉండాలి. చిన్నపిల్లల్ని ఎక్కించుకుంటే వాళ్ళని నడిపేవాళ్ళతో కలిపి కట్టే బెల్టూ, పిల్లల తలకి సరిపడే హెల్మెట్టూ పెట్టాలి. లైసెన్సు అక్కరలేదని చట్టం అంటే సరిపోతుందా, నేర్చుకోవడం కూడా అక్కరలేదని కాదు కదా అని నేను వాదించాను. అత్తగారు ఒప్పుకున్నారు. నేర్చుకోకుండా పాపని ఎక్కించుకోనని పాప తల మీద చెయ్యి పెట్టి చెప్పారు. లైసెన్సు అక్కరలేని చిన్న బండే కొన్నాం.

నేర్చుకోవడం మా క్వార్టర్ల లైను వెనకాల మైదానంలో. మా ఆయన రాత్రి షిఫ్టు దిగి వచ్చి, నిద్రకళ్ళతో బండి వెనకాల పరిగెత్తేవారు. మామయ్యగారు గట్టు మీద కూర్చుని చూసేవారు. ఉద్యోగమంతా రైలు పట్టాలు తయారయ్యే మిల్లులో చేసిన మనిషి, చెవులు సగం అక్కడే వదిలేసి వచ్చారు. కాబట్టి ఆయన వెటకారం మైదానమంతా వినిపించేది.

"సైకిలెక్కనోలు ఇస్కూటరెక్కుతారట. ఇంక మనం రోడ్డు దిగిపోవాల."

అత్తగారు బండి ఆపి, కాళ్ళు రెండూ నేల మీద పెట్టి మరీ జవాబిచ్చారు. "మీరు నడిపినన్నాల్లూ ఎనకాల కూకుని బయపడిందాన్ని నేను. నా బయమంతా అప్పుడే అయిపోనాది. ఇంకేటి మిగిలింది?"

పొద్దున్న నడకకి వచ్చే రిటైర్డ్ మనుషులు అక్కడికి చేరేవారు. అన్ని భాషల వాళ్ళూ ఉంటారు, అందరికీ ఏదో ఒక యంత్రం నడిపిన అనుభవం ఉంటుంది. ఒకాయన బ్రేకు అంటే ఇంకొకాయన హ్యాండిలు అనేవాడు. ఆవిడ వాళ్ళవైపు తిరిగి, "ఏక్ ఆద్మీ బోలో, బాకీ చుప్" అన్నారు ఒకరోజు, ఒక్కళ్ళే చెప్పండి, మిగతావాళ్ళు మాట్లాడకండి అని. అప్పటినుంచి వాళ్ళలో వాళ్ళు వంతులు వేసుకున్నారని మా ఆయన చెప్పి నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. వంటింటి కిటికీలోంచి చూస్తూ ఉండేదాన్ని. వర్షాకాలం దాటి చలి మొదలయ్యేసరికి ఆవిడ మలుపులు తిప్పుతున్నారు, గుంతలు చూసి తప్పిస్తున్నారు, ఎదర ఆవు పడుకుని ఉంటే దిగి బండి నడిపించుకుని వెళ్తున్నారు.

తన నియమాలు తనే పెట్టుకున్నారు. భిలాయిలో బండి ఎక్కేవాళ్ళు ఎవరూ చెప్పకుండానే పాటించే నియమం ఒకటుంది. షిఫ్టు మారేవేళ ప్లాంటు రోడ్డు జోలికి పోకూడదు. ఒకవైపు ఆకలితో ఇంటికి పరిగెత్తే మోటారు సైకిళ్ళు, ఇంకోవైపు గేటు దగ్గర ఆలస్యమవుతుందని పరిగెత్తే మోటారు సైకిళ్ళు. బడి వదిలేది సరిగ్గా దానికి కాస్త ముందు. అందుకని అత్తగారు పెద్దరోడ్డు అసలు ముట్టుకోకుండా, క్వార్టర్ల వెనకాల సందులన్నీ కలుపుకుంటూ ఒక దారి వేసుకున్నారు. చీర కొంగు నడుముకి చుట్టి పిన్ను పెట్టుకునేవారు. హెల్మెట్టుకి అడ్డం వస్తోందని కొప్పు కిందికి దించి కట్టుకున్నారు. బ్యాటరీ ఛార్జింగు మామయ్యగారి శాఖ. పగలే పెట్టాలి, గుమ్మానికి దూరంగా పెట్టాలి అని నేను చదివి చెబితే, ఆయన వరండాలో ఆ చివర కుర్చీ వేసుకుని, పొయ్యి మీద పాలు పెట్టి కూర్చున్నట్టు దాని పక్కనే కూర్చునేవారు.

బెల్టు విషయంలోనే మాకు కుదరలేదు. వెనక కూర్చోబెట్టి బెల్టు కట్టమని నేను. వెనకుంటే పాప ఏం చేస్తోందో కనబడదు, ముందు నా రెండు చేతుల మధ్య నిలబెట్టుకుంటాను అని ఆవిడ. మా ఆయన కూడా తల్లి పక్షమే. ఈ సెక్టర్లలో పెరిగిన పిల్లలందరూ నాన్నల స్కూటర్ల ముందు నిలబడి, గాలికి నోరు తెరుచుకుని పెరిగినవాళ్ళే. చివరికి హెల్మెట్టు నా మాట, నిలబడడం ఆవిడ మాట అని రాజీకి వచ్చాం.

చలికాలమంతా బాగా గడిచింది. నేను కాలేజీ నుంచి వచ్చేసరికి పాప అన్నం తిని, నిద్రపోయి లేచి ఉండేది. మామ్మ ఇవాళ కుక్కకి ఎలా హారను కొట్టిందో హిందీలో చెప్పేది. తెలుగులో చెప్పమంటే అదే హిందీని నెమ్మదిగా చెప్పేది.

ఎండలు మొదలవుతున్న రోజుల్లో ఒక సాయంత్రం ఇంటికి వచ్చేసరికి అత్తగారు గుమ్మంలోనే నిలబడి ఉన్నారు. పాప గడ్డం కింద గీసుకుపోయి పసుపు పెట్టి ఉంది. మోకాలికి కూడా. పాప బిస్కెట్టు తింటోంది. నేను అడగకముందే ఆవిడ జరిగింది జరిగినట్టు చెప్పారు.

బడి నుంచి వస్తూ, సందు మొగలో ఆకుకూరలు అమ్మే ఆవిడ దగ్గర ఆగారు. సైడు స్టాండు వేసి దిగారు. పాప ముందు పలక మీద అలాగే నిలబడి ఉంది. ఆవిడ మెంతికూర కట్ట అందుకుంటున్నారు, పాప హ్యాండిలు పట్టుకుని మామ్మలాగే మణికట్టు తిప్పింది. బండి ఒక్క దూకు దూకి బుట్టల మీద పడింది. ఆకుకూరలావిడ కూర్చున్న చోటి నుంచే పాప చొక్కా పట్టుకుని లాగేసింది. పాప పాలకూర మీద పడింది, బండి పక్కన ఇటుకల మీద పడింది.

"ఆగిపోనాదనుకున్నానమ్మా," అన్నారు అత్తగారు. "సప్పుడు లేదు గదా."

అంత తెలివైన మనిషి తాళం తియ్యకుండా ఎలా దిగారని ఈ ఊరు తెలియనివాళ్ళు అనుకోవచ్చు. నాకు మాత్రం ఆ మాట వెంటనే అర్థమైంది. ఈ ఊళ్ళో యంత్రం అంటే చప్పుడు. రాత్రిళ్ళు ప్లాంటు వైపు నుంచి ఒక హోరు వస్తూనే ఉంటుంది. కొత్తగా వచ్చినప్పుడు ఆ హోరుకి నాకు నిద్ర పట్టేది కాదు. అత్తగారికి అది ఆగితే మెలకువ వస్తుంది. లేచి, ఏదో బందయింది అంటారు. మామయ్యగారి పాత స్కూటరు ఆగితే ఆ సంగతి నాలుగిళ్ళకి తెలిసేది. చప్పుడు ఉంటే నడుస్తున్నట్టు, లేకపోతే ఆగినట్టు. ఆవిడ చెవులు ఒక జీవితకాలం అలాగే నమ్మాయి, ఎప్పుడూ మోసపోలేదు. ఈ బండి నిలబడి ఉన్నప్పుడూ మూగదే, దూకబోయే ముందూ మూగదే. దానికి స్టాండు వేస్తే మోటారు దానంతటదే ఆగే ఏర్పాటు కూడా లేదు.

ఆ సాయంత్రం నేను గట్టిగా ఏమీ అనలేదు. పాప గడ్డం ఎత్తి చూసి, మళ్ళీ చూసి, ఇంక ఆ బండి వద్దత్తయ్యా అన్నాను. ఆవిడ వాదిస్తారనుకున్నాను. తాళం అప్పటికే ఆవిడ పిడికిట్లో ఉంది. నా చేతిలో పెట్టేశారు.

"నేనే సెప్దామనుకున్నాను. ఇంక దాన్ని ముట్టుకోను."

మర్నాడు ఆకుకూరలావిడ దగ్గరికి వెళ్ళాను. ఛత్తీస్‌గఢీ మనిషి, నా వయసే ఉంటుంది. నేను దణ్ణం పెట్టబోతే చేతులు పట్టుకుని ఆపేసింది. నోనీ ఎలా ఉంది, జ్వరం గాని వచ్చిందా అని అడిగింది. వాళ్ళు ఆడపిల్లని నోనీ అంటారు. ఆ తరవాత నా కొంగు పట్టుకుని నెమ్మదిగా, దాయీని ఏమీ అనవద్దు అంది. దాయీ అంటే అమ్మ, అత్తగారి గురించే ఆ మాట. పాపని లాగాక దాయీ ఆ ఇటుకల మీదే చాలాసేపు కూర్చుండిపోయిందట, తనే మంచినీళ్ళు తాగించి పంపించిందట. అత్తగారు నాకు ఆ ముక్క చెప్పలేదు.

బండి వరండా చివర నీలం పట్టా కింద ఉండిపోయింది. అత్తగారు నడిచి వెళ్ళి పాపని నడిపించుకుని రావడం మొదలుపెట్టారు. బడి దగ్గరేం కాదు. ఎండ రోజురోజుకీ ముదురుతోంది. పాప సగం దారిలో కూలబడితే ఎత్తుకునేవారట. నేను సాయంత్రం వచ్చేసరికి ఆవిడ మోకాళ్ళకి ఆవనూనె రాసుకుంటూ కనబడేవారు. నేను కోరినట్టే జరుగుతోంది. బండి లేదు, భయమూ ఉండకూడదు. కాని నాకు ల్యాబులో బ్యూరెట్టు పట్టుకున్న పిల్లల ముందు నిలబడి ఉంటే, ఎండలో నడుస్తున్న ఆ ఇద్దరే కనబడేవారు.

దానికన్నా నన్ను బాధపెట్టింది ఇంకొకటి. ఇంట్లో భయం లేని మనిషి ఆవిడ ఒక్కరే. ఆవిడకి నా భయం అంటుకుంది. పాప మెట్లు దిగుతుంటే జబ్బ పట్టుకునేవారు. ఉయ్యాల ఎక్కవద్దనేవారు. ఒకరోజు పాప వరండా గట్టు దగ్గర ఆగి, దిగనా అని నన్ను అడిగింది. అది రెండేళ్ళప్పటి నుంచీ దూకే గట్టు. దిగు అన్నాను. మామ్మ వైపు తిరిగి మళ్ళీ అడిగింది.

వేసవి సెలవులు అయ్యాక కొత్త సంవత్సరానికి రాలేకపోవచ్చని కాలేజీ నడిపే పెద్దావిడతో చెప్పాను. ఇంకా ఖాయం చేసుకోలేదని కూడా చెప్పాను. ఆవిడ జూన్ దాకా ఆగుతానంది. పాప చదువు, అత్తగారి మోకాళ్ళు, నా ఉద్యోగం, మూడూ ఆ ఒక్క మధ్యాహ్నపు దారి మీద ఆధారపడి ఉన్నాయి. ఎటు తిప్పి చూసినా నేను మానేయడం తప్ప వేరే దారి కనబడలేదు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

ఒక ఆదివారం పొద్దున్న మా ఆయన పట్టా తీసి బండి బయటికి లాగారు. ఎలాగూ అమ్మేద్దాం, వంగిపోయిన బ్రేకు పుల్ల సరిచేసి అమ్మితే నయం అన్నారు. అత్తగారు వరండాలో చిక్కుడుకాయలు ఈనె తీస్తున్నారు. నేను పక్కన బట్టలు మడత పెడుతున్నాను. మా ఆయన బ్రేకు లైటు వెలుగుతోందో లేదో చూడడానికి తాళం పెట్టి తిప్పారు. తరవాత చక్రం ముందు గొంతుక్కూర్చుని పానా అందుకున్నారు. లోపలి నుంచి మామయ్యగారు మోకాళ్ళ సంగతి మరిచిపోయి వచ్చారు. వంగి, తాళం లాగేసి, కొడుకు ముఖం ముందు ఆడించారు.

"మిల్లులో రోలర్ల మద్దికి మడిసి దిగితే తాలం ఎవుడికాడుంటాదిరా?"

మా ఆయన తలెత్తి, బడిలో పాఠం అప్పజెప్పినట్టు, "దిగినోడి జేబులో" అన్నారు.

"మరి నీ జేబులో ఉన్నాదా?"

వాళ్ళ పద్ధతి అది. మిల్లు బాగుచేయాలంటే ముందు షట్‌డౌన్ తీసుకుంటారు. కరెంటు ఆపి, ఆ స్విచ్చుకి తాళం వేసి, లోపలికి దిగే మనిషే ఆ తాళంచెవి దగ్గర పెట్టుకుంటాడు. ఫోర్మన్ దగ్గర ఉండదు, నడిపేవాడి దగ్గర ఉండదు. దిగినవాడు పైకి వచ్చి, తన చేత్తో తాళం తిరిగి ఇచ్చి, షట్‌డౌన్ వాపస్ అని చెప్పేదాకా ఎంత పెద్ద ఆఫీసరు వచ్చినా మిల్లు కదలదు. ఈ కథ మా ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు. అత్తగారైతే పెళ్ళయినప్పటి నుంచీ వింటున్నారు. రేడియో మోగుతుంటే పని చేసుకున్నట్టు ఆవిడ చేతులు ఆగవు. ఆ రోజు ఆగాయి.

"అయితే మన బండికి లోపలికి దిగినోలెవులు?" అన్నారు.

అర్థం కాలేదు మాకు.

"పాప గదా," అన్నారు ఆవిడే. "తాలం పాప దగ్గరుండాల."

ఆ పూట వంట ఆలస్యమైంది. మామయ్యగారు ఉత్సాహం పట్టలేక ఎర్ర రేకు ముక్క మీద డేంజర్ అని రాసి, పుర్రె బొమ్మ వేసి హ్యాండిలుకి తగిలిద్దామన్నారు. తను ఉండగా ఇంట్లో పుర్రె బొమ్మలు పెట్టనివ్వనని అత్తగారన్నారు. మా ఆయన స్టాండుకి స్విచ్చు పెట్టించడం గురించి ఎవరికో ఫోను చేశారు. నాకు మాత్రం మనసు ఒప్పలేదు. పెద్దవాళ్ళం పడవలసిన జాగ్రత్త పసిపిల్ల మెడకి కడతామా, రేపు ఏదైనా అయితే అది తన తప్పే అనుకోదా అని అడిగాను. అత్తగారు నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు.

"పాప కాపలా కాయక్కర్లేదమ్మా. తాలం దాని మెల్లో ఉన్నంతసేపూ నేను తప్పు సెయ్యలేను. నాకు మతిమరుపొచ్చినా సెయ్యలేను. అంతే."

ఆ మాట నాలో దిగడానికి కాస్త సమయం పట్టింది. ఆవిడ తనని తాను నమ్మమని నన్ను అడగడం లేదు. తనని నమ్మనవసరం లేని దారి వెతుక్కున్నారు. నాలాంటి భయస్తురాలికి ఇంతకన్నా మర్యాద ఎవరు చేస్తారు?

నా పాత చున్నీ అంచు చింపి తాడు కుట్టాను. చిక్కుకుంటే మెడకి బిగుసుకోకుండా వెనకాల ముడికి బదులు ప్రెస్ బటను పెట్టాను. పాప ఇంక ముందు నిలబడదని, వెనకాల బెల్టుతోనే అని అత్తగారే చెప్పారు. కనబడదు కదా అన్నాను. కనబడక్కర్లేదు, తాళం నా భుజం మీదుగా వస్తే పాప సర్దుకుని కూర్చున్నట్టు లెక్క అన్నారు.

మళ్ళీ అదే మైదానం. కాని పాపతో మొదలుపెట్టలేదు. ముందు నన్ను రమ్మన్నారు. తాడు నా మెడలో వేశారు. ఆవిడ బండి మీద కూర్చుని, కాళ్ళు నేలకి ఆనించి, రెండు బ్రేకులూ పట్టుకున్నారు. నేను వెనకాల ఎక్కి, బెల్టు మా ఇద్దరి చుట్టూ తిప్పి కట్టుకున్నాను. పెళ్ళయి ఇన్నేళ్ళలో ఆవిడకి అంత దగ్గరగా ఎప్పుడూ కూర్చోలేదు. ఆవనూనె వాసన, హెల్మెట్టు కింద చెమట.

ఇప్పుడు నేను తాళం ఇవ్వాలి. చెయ్యి రాలేదు. బండి ఖాళీ మైదానంలో ఉంది, వేగం మనిషి పరుగంత కూడా ఉండదు, నేను రోజూ ఇంతకు రెట్టింపు వేగంలో స్కూటీ నడుపుతాను. ఐనా తాళం పట్టుకుని అలా ఉండిపోయాను. ఆవిడ వెనక్కి తిరగలేదు. ఇమ్మని అనలేదు. గట్టు మీద మామయ్యగారు ఏదో అనబోతే చెయ్యెత్తి ఆపారు. ఎండ వీపు మీద పడుతోంది. ఆవిడ ఊపిరి తీసుకోవడం బెల్టు గుండా నాకు తెలుస్తోంది. ఆవిడకీ భయంగానే ఉంది. నేను ఎంతసేపు పడితే అంతసేపు ఆగడానికి సిద్ధంగా ఉన్నారు.

"షట్‌డౌన్ వాపస్ అత్తయ్యా," అన్నాను చివరికి, ఆవిడ భుజం మీదుగా తాళం అందిస్తూ.

మైదానం చుట్టూ తిప్పి తీసుకొచ్చారు. మలుపుల్లో సైకిలు గంట కొట్టారు. బండి మూగదైతే మనకి నోరు లేదా అని ఆవిడే హ్యాండిలుకి బిగింపించుకున్న గంట అది. ఆగాక ముందు తాళం తీసి వెనక్కి నా చేతిలో పెట్టారు. నేను మెడలో వేసుకున్నాకే దిగనిచ్చారు.

పాపకి నేర్పడానికి ఒక పూట కూడా పట్టలేదు. పిల్లలకి నియమం ఆటైతే చాలు. ఎక్కేటప్పుడు తాళం తన మెడలో, దిగేటప్పుడూ తన మెడలో. కూరల దగ్గర ఆగినా, బడి గేటు దగ్గర ఆగినా అంతే. నేను మొదట్లో కాలేజీలో సెలవు పెట్టి, స్కూటీ మీద వాళ్ళ వెనకాల వెళ్ళేదాన్ని. అత్తగారు అద్దంలో నన్ను చూసేవారు, చూడనట్టు ఉండేవారు. ఎండాకాలం సెలవులు వచ్చి వెళ్ళాయి. జూన్‌లో కాలేజీ పెద్దావిడ అడిగితే, వస్తున్నానని చెప్పాను. చెప్పాను గాని, బడి వదిలే వేళకి నా చూపు ఇంకా గోడ గడియారం మీదికి పోతూనే ఉండేది.

మొన్న ఒక మధ్యాహ్నం కరెంటు లేక ల్యాబు ఆగిపోయింది. వస్తూ వస్తూ బడి వైపు తిరిగాను. గేటు ముందు ఒకటే రద్దీ. వాన వెలిసింది, అందరూ మళ్ళీ పడేలోగా పోదామని తొందరలో ఉన్నారు. ఆటోల వెనకాల స్కూటీ ఆపాను. అత్తగారి బండి ముందు వరసలో ఉంది. పాప వెనకాల ఎక్కి కూర్చుంది, బెల్టు కట్టి ఉంది. వాళ్ళ వెనకాల ఒకతను మోటారు సైకిలు మీద పిల్లాణ్ణి కూర్చోబెట్టుకుని హారను మీద హారను కొడుతున్నాడు. మాతాజీ, చాబీ పెట్టండి, త్వరగా కదలండి అని అరిచాడు.

"చాబీ మేరే పాస్ నహీ హై, భయ్యా," అన్నారు అత్తగారు తల తిప్పకుండా, తాళం తన దగ్గర లేదని.

"తో కిస్‌కే పాస్ హై?" మరి ఎవరి దగ్గరుందని అతను.

ఆవిడ బొటనవేలితో వెనక్కి చూపించారు. అతను పాప వైపు చూశాడు. పాప అతని వైపు చూడడం లేదు. తాళం పిడికిట్లో పట్టుకుని, గేటు పక్కన వెనక్కి వస్తున్న నీళ్ళ ట్యాంకరు వైపు చూస్తోంది. అది వెనక్కి వచ్చి, ఆగి, మళ్ళీ ముందుకి వెళ్ళి మలుపు తిరిగేదాకా చూసింది. ట్యాంకరు సంగతి మేమెవరం దానికి నేర్పలేదు. వెనకాల హారన్లు ఇంకో రెండు కలిశాయి. అత్తగారి చేతులు బ్రేకుల మీద ఉన్నాయి. ఒక్కసారి కూడా ఇమ్మని అడగలేదు.

నా కాళ్ళు దిగబోయాయి. దిగి వెళ్ళి, ఆ మోటారు సైకిలతనికి సర్దిచెప్పాలనిపించింది, పాపని నా బండి మీదికి మార్చుకోవాలనిపించింది. దిగలేదు.

పాప భుజం మీదుగా తాళం అందించింది. ఏమందో నాకు వినబడలేదు. అత్తగారు తల ఊపారు, గంట కొట్టారు, రెండు హెల్మెట్లూ నెమ్మదిగా సందులోకి తిరిగాయి. మోటారు సైకిలతను వాళ్ళకి కాస్త ఎడం ఇచ్చి, వాళ్ళ వెనకాలే నెమ్మదిగా వెళ్ళాడు.

నేను వాళ్ళ వెంట వెళ్ళలేదు. ఇంకో లైను పట్టి ఇంటికి వచ్చి, పప్పు వేడి చేసి, మామయ్యగారిని లేపి, వాళ్ళు వచ్చేసరికి అందరికీ కంచాలు పెట్టాను.